చలానా హెల్మెట్, తల హెల్మెట్: విశాఖలో రెండూ దొరుకుతాయి, చూసి కొనండి

విశాఖలో ట్రాఫిక్ తనిఖీలు గట్టిగా జరిగే రోజుల్లో హైవే పక్కన టార్పాలిన్ పట్టాల మీద హెల్మెట్ల గుట్టలు వెలుస్తాయి. గాజువాక, ఎన్ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక, అక్కణ్నుంచి మధురవాడ దాకా ఎక్కడో ఒకచోట కనబడతాయి. తనిఖీలు సడలితే గుట్టలూ పల్చబడతాయి. హెల్మెట్ చట్టాన్ని ఊరు ఎంతవరకు ఒప్పుకుందో తెలియాలంటే ఆ పట్టా మీద ఏది ఎక్కువ అమ్ముడవుతోందో చూస్తే చాలు.

2024 సెప్టెంబరు 1 నుంచి బండి వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఉండాల్సిందేనని నగరంలో అధికారులు ప్రకటించాక ప్రతి ఇంటికీ రెండోది అవసరమైంది. చాలామంది ఆ రెండోదాన్ని బేరమాడి, దొరికినవాటిలో అన్నిటికంటే చవకది తెచ్చుకుంటున్నారు. అందుకే మూడు రకాల సరుకును పక్కపక్కన పెట్టి రాస్తున్నాం: 150 నుంచి 300 రూపాయలకి దొరికే, చెవుల పైదాకానే వచ్చే చిప్ప, వెయ్యి రూపాయల అటూ ఇటూ పలికే, ముఖం తెరిచి ఉంచే ఓపెన్ ఫేస్, దాని మీద ఇంకొంచెం పెడితే వచ్చే, గడ్డాన్ని కూడా కప్పే ఫుల్ ఫేస్. మా తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. రెండోది ఊళ్లో తిరగడానికి సరిపోతుంది. హైవే ఎక్కేవాళ్లు మూడోదే కొనాలి.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఏం అడుగుతోందో చాలామందికి తెలియదు. తలపాగా చుట్టుకున్న సిక్కులు తప్ప నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవాళ్లయినా వెనక కూర్చున్నవాళ్లయినా, పెట్టుకోవాలంటుంది. హెల్మెట్ అంటే ఏమిటో కూడా అందులోనే ఉంది: ఆకారం, పదార్థం, తయారీ చూస్తే ప్రమాదంలో దెబ్బ నుంచి కాపాడుతుందని నమ్మగలిగేలా ఉండాలి, పట్టీతో తలకి గట్టిగా బిగించి ఉండాలి. ఈ రెండూ లేకపోతే తల మీద ఏం పెట్టుకున్నా చట్టం లెక్కలో అది హెల్మెట్ కాదు. 2019 సవరణతో వచ్చిన 194డి సెక్షన్ ప్రకారం దీనికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. పట్టీ బిగించకపోయినా అదే శిక్ష.

అయితే జంక్షన్‌లో నిలబడ్డ కానిస్టేబుల్‌కి ఒక్కో బండిని చూడ్డానికి దొరికేది రెండు సెకన్లు. స్తంభం మీది కెమెరాకి అంతకంటే తక్కువ. ఆ కాసేపట్లో తెలిసేది ఒక్కటే, తల మీద గుండ్రటిది ఏదో ఉందా లేదా అని. లోపల థర్మోకోల్ ఉందో స్పాంజి ఉందో, గడ్డం కింద పట్టీ పెట్టుకున్నారో గాలికి ఊగుతోందో చాలాసార్లు కనబడదు. చట్టం అడిగినదానికీ, చట్టం చూడగలిగినదానికీ మధ్య ఉన్న ఈ సందులోనే చిప్ప హెల్మెట్ వ్యాపారం నడుస్తోంది.

ఆ చిప్పని ఒకసారి చేతిలోకి తీసుకోండి. మొదట తెలిసేది బరువు, అరకిలో కూడా తూగదు. రెండు అరచేతులతో చెవుల దగ్గర అటూ ఇటూ నొక్కితే ప్లాస్టిక్ డబ్బా మూతలా లోపలికి వంగుతుంది. తిరగేసి లోపలి గుడ్డని వేలితో పక్కకి లాగండి, పావంగుళం స్పాంజి, దాని వెనక నేరుగా డొప్ప. బొటనవేలితో నొక్కితే స్పాంజి పూర్తిగా అణిగిపోయి ప్లాస్టిక్ తగులుతుంది. పట్టీని డొప్పకి పట్టి ఉంచే మేకు చుట్టూ ఉత్త ప్లాస్టిక్కే ఉంటుంది, వాషర్ ఉండదు. గట్టిగా ఓ గుంజు గుంజితే మేకు చుట్టూ తెల్లటి గీత పడుతుంది, అంటే అక్కడ చీలిక మొదలైనట్టు. చెవుల పైదాకానే వచ్చి ఆగిపోతుంది కాబట్టి కణతకీ, తల వెనక భాగానికీ అడ్డం ఏమీ ఉండదు. పక్కకి పడితే ముందు నేలకి తగిలేది ఆ కణతే.

అసలు పని చేసేది పైన మెరిసే డొప్ప కాదు, లోపలి థర్మోకోల్ పొర. సరైన హెల్మెట్‌లో అది అంగుళం పైచిలుకు మందం ఉంటుంది, వేలితో నొక్కితే తేలిగ్గా అణగదు. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి తల ఆగడానికి కాస్త దూరం ఇస్తుంది. ‘ఊళ్లోనే కదా, మెల్లగానే పోతాం’ అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. బండి కదలకుండా నిలబడి ఉన్నా, ఐదడుగుల ఎత్తు నుంచి పక్కకి పడితే తల నేలని తాకేటప్పటికి వేగం గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. అంత వేగం 30 మిల్లీమీటర్లలో ఆగడానికీ 3 మిల్లీమీటర్లలో ఆగడానికీ మధ్య తల మీద పడే బలం పది రెట్లు మారుతుంది. థర్మోకోల్ ఉన్నందుకూ స్పాంజి ఉన్నందుకూ తేడా అదే. మోటారు సైకిల్ ప్రమాదాల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలో హెల్మెట్ వల్ల మరణాలు 42 శాతం, తల గాయాలు 69 శాతం తగ్గుతాయని తేలింది. 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు.

ఐఎస్ఐ ముద్ర విషయానికొద్దాం. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లని ఐఎస్ఐ గుర్తు లేకుండా తయారు చెయ్యడం, అమ్మడం నేరం. ఆ గుర్తుని చదవడం తెలియాలి. గుర్తు పైన ‘ఐఎస్ 4151’ (బండి హెల్మెట్ల ప్రమాణం నంబరు) అని, కింద ‘సీఎం/ఎల్’ అనీ ఆ పక్కన లైసెన్సు నంబరూ ఉండాలి. ఒట్టి గుర్తు ఉండి నంబరు లేకపోతే అది ఎవరైనా అచ్చు వేయించుకోగల స్టిక్కర్. నంబరు ఉంటే ఫోన్‌లో ‘బీఐఎస్ కేర్’ యాప్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థది) తెరిచి అది కొట్టండి. లైసెన్సు ఏ కంపెనీదో, ఏ సరుకుకి ఇచ్చారో, ఇంకా నడుస్తోందో లేదో వచ్చేస్తుంది. హెల్మెట్ మీది కంపెనీ పేరూ యాప్‌లో పేరూ కలవాలి. కొట్టు దగ్గర నిలబడే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. ఇంకో మోసం కూడా ఉంది, దాన్ని కనిపెట్టేవాళ్లు తక్కువ. గుర్తు నిజమైనదే, కానీ పైన నంబరు 2925 అని ఉంటుంది. అది కట్టడాల దగ్గరా ఫ్యాక్టరీల్లోనూ పెట్టుకునే టోపీకి ఇచ్చే ప్రమాణం. పైనుంచి పడే వస్తువు కోసం చేసింది, బండి మీంచి పడే మనిషి కోసం కాదు. పారిశ్రామిక నగరం కాబట్టి మన దగ్గర ఈ పసుపు టోపీలతో బండి నడిపేవాళ్లు రోజూ కనబడతారు.

జనం ఒప్పుకోని చట్టాన్ని పోలీసులు అమలు చెయ్యగలరా అని ఎప్పుడూ వాదన నడుస్తూ ఉంటుంది. హెల్మెట్ విషయంలో దీనికి జవాబు సగం అవును, సగం కాదు. వియత్నాం 2007 డిసెంబరు 15న అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేసింది. పెట్టుకునేవాళ్లు కొద్ది రోజుల్లోనే తొంభై శాతం దాటారు. జరిమానా గట్టిగా వేస్తే తల మీదకి హెల్మెట్ వస్తుందని అక్కడ తేలిపోయింది. తర్వాత తేలింది ఇంకోటి: ఆ తలల మీద ఉన్నవాటిలో చాలా భాగం పరీక్షకి నిలవని నాసిరకం టోపీలు. పట్టీ వదిలేసి తిరిగేవాళ్లు ఎక్కువైతే, పట్టీ బిగించకపోవడమూ హెల్మెట్ లేకపోవడమూ ఒకటేనని మళ్లీ నియమం పెట్టాల్సి వచ్చింది. అంటే బలవంతం పనిచేసింది, కానీ కంటికి కనబడినంత మేరకే. మన హైవే పక్కన పట్టాల మీద ఉన్నదీ అదే.

అమెరికాలో దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. రోడ్ల నిధులు ఆపేస్తామని కేంద్రం ఒత్తిడి పెడితే 1975 నాటికి 47 రాష్ట్రాలు హెల్మెట్ చట్టం చేశాయి. 1976లో ఆ ఒత్తిడి ఎత్తేశారు. కొన్నేళ్లలోనే సగం పైగా రాష్ట్రాలు చట్టాన్ని ఎత్తేయడమో సడలించడమో చేశాయి. నడిపేవాళ్లు దాన్ని తమదిగా ఎప్పుడూ అనుకోలేదు, పైనుంచి బరువు తీయగానే అది లేచిపోయింది. మన రాష్ట్రంలో పెద్దవాళ్లకి దీనికి సాటి వచ్చేది గుర్తుండే ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలుపెట్టి ఊరూరా ఆడవాళ్లు దుకాణాల ముందు నిలబడి సాధించుకున్న 1993 సారా నిషేధం నిలిచింది, ప్రభుత్వ సారా దుకాణం మళ్లీ తెరుచుకోలేదు. 1995లో దాని మీద తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధం మాత్రం రెండేళ్లకే, 1997లో సడలిపోయింది.

విశాఖలోనే పక్కపక్కన రెండు రకాల అమలు చూడొచ్చు. నేవీ గేట్ల దగ్గర హెల్మెట్ లేని బండి లోపలికి వెళ్లదు. ప్రతి బండీ ఆగుతుంది, ప్రతి తలా చూస్తారు, మినహాయింపు ఉండదు. అక్కడ జరిమానా ఎంత అన్న ప్రశ్నే రాదు, పట్టుబడడం ఖాయం కాబట్టి. అదే బండి బయటి రోడ్డు మీదకి వచ్చి నాలుగు మలుపులు తిరిగేసరికి హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతూ ఉంటుంది. నగరం మొత్తానికి గేటు కట్టలేం. గేటు లేనిచోట హెల్మెట్ తల మీద ఉండాలంటే అది పెట్టుకోవడం కష్టంగా ఉండకూడదు. జనం మద్దతు అన్నమాటకి ఇక్కడ అర్థం ఇంతే. ఉపన్యాసాల వల్ల అది రాదు. చెమట పట్టని, తలనొప్పి రాని, ఆపినచోట పెట్టుకోవడానికి చోటున్న హెల్మెట్ వల్ల వస్తుంది. అందుకే కింది వివరాలు కొనేవాళ్లతో పాటు చట్టం అమలు కావాలని కోరుకునేవాళ్లు కూడా చదవాలి.

వెయ్యి రూపాయల ఓపెన్ ఫేస్ విశాఖ ఉక్కపోతకి బాగుంటుంది. ముఖానికి గాలి ఆడుతుంది, కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి సులువు, పక్కవాళ్ల హారన్ బాగా వినబడుతుంది. కిలో లోపే తూగేవి చూసుకోవచ్చు. లోటల్లా గడ్డం. ముందుకి పడినప్పుడు ముఖం, దవడ నేలకి తగులుతాయి. జగదాంబ, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ లోపల తిరిగేవాళ్లకి ఇది చాలు. లారీల పక్కన పోర్టు రోడ్డులోనో, గాజువాక మీదుగా స్టీల్ ప్లాంట్ వైపో, బీచ్ రోడ్డులో భీమిలి దాకానో రోజూ వెళ్లేవాళ్లకి ఫుల్ ఫేస్ తప్ప ఇంకోటి చెప్పలేం. బరువు కిలో పావు చుట్టూ ఉంటుంది. కొనేటప్పుడు నుదుటి దగ్గర, గడ్డం దగ్గర గాలి రంధ్రాలు ఉన్నాయో లేదో చూడ్డంతో ఆగకండి. లోపల థర్మోకోల్‌లో వాటికి ఎదురుగా కాలువ తవ్వి ఉందో లేదో లైటు పెట్టి చూడండి. చవక రకాల్లో పైన రంధ్రం ఉంటుంది, లోపల దారి మూసి ఉంటుంది, గాలి తలదాకా రాదు. ముఖం ముందు నల్ల అద్దం వద్దు, చీకటి పడ్డాక బీచ్ రోడ్డులో గుంత కనబడదు.

సైజు దగ్గర ఎక్కువమంది పొరపడతారు. కనుబొమలకి ఒక అంగుళం పైన, చెవుల మీదుగా, తల వెనక ఎత్తుగా ఉన్నచోట దర్జీ టేపు చుట్టండి. 58 సెంటీమీటర్లు వస్తే హెల్మెట్ వెనక 580 అని ఉన్నది తీసుకోవాలి. కొట్టువాళ్లు ‘వదులుగా ఉంటే గాలి ఆడుతుంది’ అంటారు, వినొద్దు. కొత్తది బుగ్గల్ని కాస్త నొక్కాలి, మెత్త రెండు మూడు వారాల్లో అణిగి సరిపోతుంది. నుదుటి మీద ఒకేచోట గుచ్చుతుంటే మాత్రం అది ఎన్నాళ్లున్నా తగ్గదు, తలనొప్పి తెస్తుంది. అప్పుడు సైజు కాదు, ఇంకో ఆకారం చూడాలి. పెట్టుకుని తల అడ్డంగా ఊపండి, హెల్మెట్ తలతో పాటు తిరగాలి. తర్వాత పట్టీ బిగించి, ఇంకొకర్ని వెనక అంచు పట్టుకుని పైకీ ముందుకీ లేపమనండి. ఊడి ముఖం మీదకి వచ్చేస్తే ప్రమాదంలో అది మీకంటే ముందు రోడ్డు మీద పడుతుంది. డబ్బులిచ్చే ముందు ఈ ఒక్క పరీక్ష చేసినా చాలు.

పట్టీల్లో మూడు రకాలు. నొక్కితే ఊడే ప్లాస్టిక్ క్లిప్పు చవక, తొందరగా విరుగుతుంది. పళ్ల పట్టీతో ఒక్కో మెట్టూ బిగుసుకునే రకం ఒంటి చేత్తో పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. ఊళ్లో పది చోట్ల ఆగేవాళ్లు పట్టీ వదిలెయ్యకుండా ఉండాలంటే ఇదే మంచిది, దీనికోసం ఇంకో రెండు వందలు పెట్టినా దండగ కాదు. రెండు ఇనుప రింగుల రకం అన్నిటికంటే గట్టిది గానీ అలవాటు కావాలి. ఏదైనా బిగించాక గడ్డం కింద రెండు వేళ్లే దూరాలి. మన సముద్రపు గాలికి మేకులు, రింగులు, అద్దం స్క్రూలు తుప్పు పడతాయి. నెలకోసారి పొడి గుడ్డతో తుడిచి, తుప్పు ఎక్కువైతే పట్టీ మార్పించండి. ఆర్కే బీచ్ ఇసుక అద్దం మీద పడితే పొడి గుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు నీళ్లు పోయాలి.

లోపలి మెత్తలు ఊడదీసి ఉతుక్కునేవైతేనే కొనండి. వేసవిలో పదిహేను రోజులకోసారి తలకి వాడే షాంపూ నీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టాలి. వాసన వచ్చే హెల్మెట్‌ని ఏ జరిమానా భయమూ రోజూ పెట్టించలేదు. డొప్పని పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడవడం చాలామంది చేసే తప్పు, పైకి ఏమీ కనబడదు గానీ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే లోపలి పొర నలిగిపోయినట్టే, పైన గీత లేకపోయినా మార్చెయ్యాలి. దెబ్బ తగలకపోయినా ఐదేళ్లు దాటనివ్వొద్దు.

కొత్త బండి కొనేవాళ్లకి ఒక మాట. బండితో పాటు ప్రమాణాలకి తగిన హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ నియమం చెబుతోంది. షోరూంలో అడగండి, ఇచ్చింది మీ తలకి సరిపోకపోతే సైజు మార్చమనండి. ఎవరి సైజో తెలియని హెల్మెట్ ఇంటికి తెచ్చి అటక మీద పెట్టడం వల్ల ఉపయోగం లేదు.

వెనక కూర్చునేవాళ్ల హెల్మెట్ వేరే కథ. జడ కిందికి వేసుకుంటే ఇబ్బంది లేదు. ముడి చుట్టుకుంటే హెల్మెట్ వెనక నుంచి ముందుకి తోసుకొచ్చి కళ్ల మీదకి దిగుతుంది, బిగుతు పోతుంది. ముడిని మెడ దగ్గరికి దించుకోవాలి, లేదా వెనక అంచు కాస్త ఎత్తుగా ఉన్న ఓపెన్ ఫేస్ చూసుకోవాలి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి చోటు. పూర్ణా మార్కెట్‌లో కూరల సంచులతో పాటు రెండు హెల్మెట్లు మొయ్యమంటే ఎవరూ మొయ్యరు, అందుకే రెండోది ఇంట్లోనే ఉండిపోతుంది. స్కూటర్ సీటు కింద ఒక కొక్కెం ఉంటుంది, దానికి పట్టీ రింగు తగిలించి సీటు మూస్తే తాళం పడినట్టే. రెండోదానికి వంద రెండొందల తీగ తాళం కొని దాని గడ్డం సందులోంచి దూర్చి వెనక పట్టుకునే కడ్డీకి బిగించండి. పట్టీలోంచి మాత్రం దూర్చొద్దు, బ్లేడుతో పట్టీ కోసి పట్టుకుపోతారు. ఓపెన్ ఫేస్‌కి గడ్డం సందు ఉండదు కాబట్టి దాన్ని సీటు కింద కొక్కేనికి, ఫుల్ ఫేస్‌ని తీగకి పెట్టుకుంటే రెండూ సర్దుకుంటాయి.

పిల్లల హెల్మెట్లలో పెద్దవాళ్లది చిన్న సైజు ఇచ్చి సరిపెట్టే కొట్లు ఉన్నాయి. ఐదారేళ్ల పిల్లల మెడ కిలో బరువు మొయ్యలేదు, పిల్లల కోసం చేసిన తేలిక రకమే అడగాలి, టేపు కొలత ఇక్కడ ఇంకా ముఖ్యం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి 2023 ఫిబ్రవరి 15 నుంచి వేరే నియమం ఉంది: నడిపేవాళ్ల ఒంటికి పిల్లల్ని కట్టి ఉంచే పట్టీ జాకెట్టు, తలకి సరిపడే హెల్మెట్ లేదా సైకిల్ హెల్మెట్, బండి వేగం 40 దాటకూడదు. ఆ వయసుకి సైకిల్ హెల్మెటే మేలు, తేలిక, వెనక చక్రం తిప్పి బిగించుకోవచ్చు. జాకెట్టు కొనేటప్పుడు బకిళ్లని పిల్లాణ్ణి కూర్చోబెట్టే బిగించి చూడండి. భుజాల పట్టీలు జారిపోతుంటే ఛాతీ దగ్గర అడ్డపట్టీ ఉన్న రకానికి మారండి.